డిష్ తీగలో వచ్చే ఇంటర్నెట్‌ను ఏ టీవీ అయినా విప్పగలగాలి: భారతీయ ప్రమాణాల సంస్థకు బహిరంగ లేఖ

అనంతపురం

భారతీయ ప్రమాణాల సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి, ఎలక్ట్రానిక్స్, ఐటీ విభాగ మండలి సభ్యులకు,

నమస్కారాలు.

లోపలే శాటిలైట్ ట్యూనర్ అమర్చిన డిజిటల్ టీవీల కోసం మీ సంస్థ ఐఎస్ 18112:2022 అనే ప్రమాణాన్ని వెలువరించింది. సిగ్నల్‌ను పట్టే ఎల్‌ఎన్‌బీ బిగించిన డిష్ నుంచి వచ్చే తీగను నేరుగా టీవీకి తగిలిస్తే, వేరే సెట్‌టాప్ బాక్సు లేకుండానే ఉచిత చానళ్లు, రేడియో అందుకోవచ్చునన్నది దాని ఉద్దేశం. డీడీ ఫ్రీ డిష్ మీద ఆధారపడిన మా రాయలసీమ పల్లెలకు అది మేలు చేసే పని. అయితే అదే తీగలో బొమ్మా శబ్దమూ మాత్రమే కాక ఇంటర్నెట్ ప్యాకెట్లు కూడా రాగలవు. అవి వచ్చినప్పుడు ఏ కంపెనీ టీవీ అయినా, ఏ కంపెనీ బాక్సయినా ఒకే తీరుగా విప్పి చదవగలిగేలా ఆ ప్రమాణానికి ఒక అనుబంధం చేర్చవలసిందిగా కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. ఈ ఉద్యోగంలోకి రాకముందు కొన్నేళ్లు కేబుల్ టీవీ కంట్రోల్ రూములో పనిచేశాను. డిష్ తిప్పి సిగ్నల్ పట్టడం, మాడ్యులేటర్లు సర్దడం, ఎప్పుడో ఒకసారి వాన పట్టిన రాత్రి చానళ్లు పోయాయని వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం అక్కడ నేర్చుకున్న విద్యలే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే మా వర్షపాతం రైతుకు శాపమే గానీ, వాన పడితే బలహీనపడే డిష్ తరంగాలకు, అంటే కేయూ బ్యాండ్‌కు, మాత్రం ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

రెండేళ్ల కిందట, వేసవి సెలవులు ముగిసిన వారంలో, కళ్యాణదుర్గం వైపు ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిపించారు. కొన్నేళ్ల కిందట ఒక పథకం కింద ఆ బడి మిద్దె మీద డిష్ పెట్టి, కార్యాలయం గదిలో ఒక బాక్సు బిగించి వెళ్లారట. శాటిలైట్ ద్వారా వచ్చే వీడియో పాఠాలను, అభ్యాస పత్రాలను ఆ బాక్సు రాత్రిపూట తనలో దాచుకుంటే, పగలు పిల్లలకు చూపించాలన్నది ఏర్పాటు. మొదటి రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఆగిపోయింది. నేను మిద్దె ఎక్కి చూస్తే ఎల్‌ఎన్‌బీ మూతి మీది ప్లాస్టిక్ మూత ఎండకు పెళుసెక్కి చిట్లి ఉంది, అయినా సిగ్నల్ నిక్షేపంగా ఉంది. కింద బాక్సు మీద లాక్ దీపం పచ్చగా వెలుగుతోంది, దాని పక్కనున్న డేటా దీపం మాత్రం వెలగడం లేదు. అటెండరు నాతో అన్న మాట ఇది: "సిగ్నలైతే వస్తాంది సార్, పాఠాలే రావు."

నా లాప్‌టాప్‌కు యూఎస్‌బీ ట్యూనర్ తగిలించి ఆ తీగను దానికి కలిపాను. డిజిటల్ ప్రసారం ఎంపెగ్-2 ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ రూపంలో, 188 బైట్ల ప్యాకెట్ల వరుసగా వస్తుంది. ప్రతి ప్యాకెట్టు హెక్సాడెసిమల్ 47 అనే గుర్తుతో మొదలవుతుంది. అది ఏ ధారకు చెందినదో చెప్పడానికి పిడ్ అనే 13 బిట్ల సంఖ్య ఉంటుంది. ఆ వరుసలో ఒక పిడ్ మీద పగలూ రాత్రీ డేటా ప్రవహిస్తూనే ఉంది. తాళం వేసిన డేటా కూడా కాదు, మధ్యమధ్యలో పదో తరగతి గణితం, భౌతికశాస్త్రం ఫైళ్ల పేర్లు అక్షరాలుగానే కంటికి కనిపించాయి. విచారిస్తే తెలిసిందేమిటంటే, సరఫరా చేసిన సంస్థ తన రెండో తరం బాక్సులకు మారినప్పుడు ఐపీ, అంటే ఇంటర్నెట్, ప్యాకెట్లను ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో సర్దే తీరును తనకు తానే మార్చుకుంది. ఆ కొత్త తీరు పాత బాక్సులకు తెలియదు. పత్రం అడిగితే అది తమ వ్యాపార రహస్యమన్నారు. ప్రభుత్వ సొమ్ముతో తయారైన పాఠం, ప్రభుత్వ సొమ్ముతో అద్దెకు తీసుకున్న ఉపగ్రహ ప్రసార యంత్రం, అంటే ట్రాన్స్‌పాండర్, మీదుగా ఆ బడి మిద్దె దాకా వచ్చి, పొట్లం విప్పేవారు లేక అక్కడే ఆగిపోయింది.

ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే తప్పు ప్రధానంగా దానిది కాదు. ఫలానా తీరులోనే పొట్లం కట్టాలని కొనుగోలు పత్రంలో రాయకపోతే ఎవరికి వీలైన పద్ధతిలో వారు కడతారు. కొనుగోలు పత్రం రాసే అధికారి దేనిని ఉదహరించాలి? మన దేశ ప్రమాణాల్లో చూపించదగ్గ వాక్యం ఒకటి ఉంటే ఆయన దాన్ని ఎత్తి రాసేవారు.

పొట్లం కట్టడం అన్నాను గనుక ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ప్యాకెట్టులో 4 బైట్లు తలకట్టుకు పోగా సరుకుకు మిగిలేవి 184 బైట్లు. ఐపీ ప్యాకెట్టు మామూలుగా 1,500 బైట్ల దాకా ఉంటుంది. పెద్దదాన్ని ఈ చిన్న డబ్బాల్లోకి ఎలా కోసి పెట్టాలి, అవతల ఎలా అతికించాలి, దారిలో చెడిందో లేదో ఎలా పోల్చాలి అన్నవి తేల్చేదే ఎన్‌క్యాప్సులేషన్ పద్ధతి. డిజిటల్ టీవీ ప్రసార ప్రమాణాలు రాసే డీవీబీ బృందం రూపొందించగా యూరప్‌కు చెందిన ఈటీఎస్‌ఐ 1997లో ఈఎన్ 301 192గా ప్రచురించిన మల్టీ ప్రోటోకాల్ ఎన్‌క్యాప్సులేషన్, అంటే ఎంపీఈ, ఈ పని చేసిన తొలి ప్రామాణిక పద్ధతి. కార్యక్రమాల పట్టికల వంటివి మోయడానికి పుట్టిన సెక్షన్ అనే నిర్మాణంలోనే ఐపీని కూడా ఇరికించారు కనుక దాని తలకట్టు బరువైంది. తలకు 12 బైట్లు, చివర చెకింగ్‌కు 4 బైట్లు. ఐపీలో పాత రూపమైన ఐపీవీ4 కాకుండా, కొత్తదైన ఐపీవీ6 వంటి మరొకటి మోయాలంటే ఎల్‌ఎల్‌సీ, స్నాప్ పేరుతో ఇంకో 8 బైట్లు. చేరవలసిన పరికరాన్ని గుర్తించే మ్యాక్ చిరునామాను కూడా అది రెండు బైట్లు ఒకచోట, నాలుగు బైట్లు ఇంకోచోట, అదీ వెనుక నుంచి ముందుకు రాయిస్తుంది. కార్డు మీద పిన్‌కోడును రెండు ముక్కలు చేసి రెండు మూలల్లో రాస్తే పోస్ట్‌మ్యాన్ ఏమనుకుంటాడో, ఆ కోడ్ రాయవలసి వచ్చిన మా విద్యార్థులు కూడా అదే అనుకున్నారు.

ఈ బరువును తగ్గించి ఐపీ కోసమే శుభ్రంగా ఒక పద్ధతి కావాలని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ ఒక కార్యబృందాన్ని నడిపింది. ఆబర్డీన్ విశ్వవిద్యాలయానికి చెందిన గోరీ ఫెయిర్‌హర్స్ట్, జాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్న్‌హార్డ్ కొల్లిని-నోకర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 4326 అనే ప్రమాణ పత్రం దాని ఫలితంగా 2005 డిసెంబరులో వెలువడింది. యూనిడైరెక్షనల్ లైట్‌వెయిట్ ఎన్‌క్యాప్సులేషన్, అంటే యూఎల్‌ఈ, అని దానికి పేరు. పొడవుకు 15 బిట్లు, చిరునామా ఉందో లేదో చెప్పడానికి ఒక బిట్టు, లోపల ఏముందో చెప్పడానికి 16 బిట్లు, చివర దారిలో చెడిందో లేదో పోల్చే 32 బిట్ల సీఆర్‌సీ, అంతే. చిరునామా అవసరం లేనిచోట మొత్తం ఖర్చు 8 బైట్లు, అవసరమైన చోట 14. ఐపీవీ4కూ ఐపీవీ6కూ ఒకే మర్యాద. రేపు ఇంకో ప్రోటోకాల్ వచ్చినా ఆ 16 బిట్లలో దానికి చోటుంది. ఆ పత్రాన్ని ఎవరైనా ఉచితంగా దించుకొని చదవవచ్చు. మా విద్యార్థులు ముగ్గురు ఒక సెమిస్టరులో దాన్ని చదివి, విప్పే ప్రోగ్రాము రాసి, పనిచేయించి చూపారు.

శాటిలైట్ ప్రసారంలో రెండో తరం ప్రమాణమైన డీవీబీ-ఎస్2 వచ్చాక ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ మధ్యవర్తిత్వమే అక్కర లేకుండా, దాని బేస్‌బ్యాండ్ ఫ్రేముల్లోకి ఐపీని నేరుగా సర్దే జీఎస్‌ఈ పద్ధతి 2007లో ఈటీఎస్‌ఐ టీఎస్ 102 606గా వచ్చింది. లోపల ఏముందో చెప్పే సంఖ్యలను అది యూఎల్‌ఈ నుంచే తీసుకుంది. అందువల్ల ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. పాత ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ఉన్నచోట యూఎల్‌ఈ, కొత్తగా డేటాకే కేటాయించిన ఎస్2 క్యారియర్ ఉన్నచోట జీఎస్‌ఈ అని మీరు రాస్తే సరిపోతుంది.

ఏ పద్ధతి పేరు రాసినా, దానిలో ప్యాకింగ్ తప్పనిసరి అనే మాట రాయకపోతే సగం ప్రయోజనం పోతుంది. 1,500 బైట్ల ఐపీ ప్యాకెట్టు యూఎల్‌ఈలో 1,508 బైట్లవుతుంది. అది 9 ట్రాన్స్‌పోర్ట్ ప్యాకెట్లలో పడుతుంది, కొత్త పొట్లం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పాయింటర్‌కు ఒక బైటు పోగా చివరిదానిలో 147 బైట్ల చోటు మిగులుతుంది. ఆ చోటును ఖాళీ బైట్లతో నింపి పంపడం ప్యాడింగ్, తర్వాతి ఐపీ ప్యాకెట్టును అక్కడి నుంచే మొదలుపెట్టడం ప్యాకింగ్. ఒక ట్రాన్స్‌పాండర్‌లో 2 మెగాబిట్ల వాటాను రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు బడుల కోసం కేటాయించారనుకుందాం. ఆ 10 గంటల్లో 9 గిగాబైట్లు దిగుతాయి. ప్యాడింగ్‌తో పంపితే అందులో 780 మెగాబైట్లు ఉత్త ఖాళీ. చిన్న ప్యాకెట్ల సంగతి ఇంకా అన్యాయం. ఆదోని యార్డులో ఆ రోజు పత్తి ధరో, పిడుగు హెచ్చరికో మోసే 100 బైట్ల ప్యాకెట్టును విడిగా పంపితే 188 బైట్లలో 75 వృథా అవుతాయి, అంటే ఐదింట రెండు వంతులు. కొందరు పరికరాల తయారీదారులు ప్యాకింగ్‌ను వదిలేయడానికి కారణం, విప్పే ప్రోగ్రాములో పాయింటర్ లెక్క కొంచెం జాగ్రత్తగా చేయవలసి రావడమే. ఆ జాగ్రత్త ఒకసారి పడితే చాలు, ట్రాన్స్‌పాండర్ అద్దె మాత్రం ఏటా కట్టాలి.

నా కోరికకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఎంపీఈ పక్షాన ఉంది. చవక సెట్‌టాప్ బాక్సుల చిప్పుల్లో సెక్షన్లను వడకట్టే హార్డ్‌వేర్ ముందే ఉంటుంది కనుక ఎంపీఈకి ప్రాసెసర్ మీద భారం తక్కువ. ఇది నిజమే. కానీ మనం మాట్లాడుతున్నది ఒక పిడ్ మీద వచ్చే కొన్ని మెగాబిట్ల గురించి. ఈనాటి టీవీలో ఉండే ప్రాసెసర్‌కు అది లెక్కలోకి రాని పని. లైనక్స్ ఆపరేటింగ్ వ్యవస్థ మూలభాగమైన కెర్నెల్‌లో డీవీబీ నెట్‌వర్క్ విభాగం ఎంపీఈనీ యూఎల్‌ఈనీ రెండింటినీ విప్పగలదు. టీవీల్లో, ఆండ్రాయిడ్ బాక్సుల్లో చాలావాటికి అడుగున ఉండేది ఆ కెర్నెలే. కాబట్టి కొత్త చిప్పు కొనవలసిన అవసరం లేదు, ఉన్నదాన్ని వాడుకోనిస్తే చాలు. ఇప్పటికే ఎంపీఈలో నడుస్తున్న ప్రసారాలు ఉన్నట్టుండి ఆగిపోకూడదు గనుక, రిసీవరు రెండింటినీ చదవాలని, కొత్తగా మొదలయ్యే ప్రసారం మాత్రం యూఎల్‌ఈలో గానీ జీఎస్‌ఈలో గానీ ఉండాలని నిర్ణయించడం న్యాయంగా ఉంటుంది.

ఫైబరూ 4జీ ఉండగా ఈ గోల ఎందుకని అడిగేవారూ ఉంటారు. ఫైబరు వద్దని నేను అనను, వచ్చినచోట దానికి మించినది లేదు. అయితే ఒకే 1 గిగాబైటు పాఠం 1,000 బడులకు ఫైబరు మీదో ఫోను మీదో పోవాలంటే నెట్‌వర్కు 1,000 గిగాబైట్లు మోయాలి. ప్రసారంలో అయితే ఒకే గిగాబైటు ఒకసారి దిగుతుంది, వెయ్యి డిష్‌లూ దాన్నే అందుకుంటాయి, వెయ్యిన్నొకటో డిష్ చేరినా ఖర్చు పెరగదు. నల్లమల అంచున చెంచుగూడేల వైపో, లంకమల లోయల్లోనో కొండ చాటున ఫోన్ టవర్ అందని చోట కూడా తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది. చదువు కోసమే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే పంపారు. ఆ ఆలోచన పాతబడలేదు, దాని కింద ఉండవలసిన ప్రమాణమే స్థిరపడలేదు.

ఒకవైపే సాగే ప్రసారంలో ఉన్న చిక్కు కూడా దాచకుండా చెప్పాలి. వెబ్‌సైట్లు వాడే టీసీపీ, అవతలివారు అందిందని చెబితే గాని ముందుకు కదలదు, డిష్‌కు ఆ జవాబు చెప్పే దారి లేదు. అందుకే ఫైళ్లను చక్రంలా తిప్పి మళ్లీ మళ్లీ పంపుతూ, ఫైలు పేరూ పరిమాణమూ వివరాలూ తెలిపే పట్టికను దానితో పాటే పంపే ఫ్లూట్ పద్ధతి వచ్చింది. దాని తాజా రూపం 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6726. దానికి రాప్టర్‌క్యూ వంటి దోష నివారణ కోడును జోడిస్తే, కరెంటు పోయి గంటసేపు ప్రసారం అందుకోలేకపోయిన బడి కూడా పోగొట్టుకున్న ముక్కల కోసమే ఎదురు చూడనక్కర లేకుండా, తర్వాత దొరికిన ఏ ముక్కలతోనైనా ఫైలును పూర్తి చేసుకోగలదు. మా వైపు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎరిగినవారికి దీని విలువ వేరే చెప్పనక్కర లేదు. ఫోను ద్వారా వెనుదారి ఉన్నచోట, ఒకవైపు లింకును రూటర్లు రెండువైపుల లింకుగా భావించేలా చేసే ఆర్‌ఎఫ్‌సీ 3077 అనే పద్ధతి 2001 నుంచే ఉంది. దాన్ని ఐచ్ఛికంగా ఉంచితే చాలు.

ఇక ఏ ఐపీ చిరునామా ఏ పిడ్ మీద వస్తుందో రిసీవరుకు ఎలా తెలియాలి? ఆ బడిలోని బాక్సులో ఆ పిడ్ సంఖ్యను ఫ్యాక్టరీలోనే రాసి పంపారు. ప్రసారకర్త దాన్ని మార్చినప్పుడల్లా మెకానిక్ ఊరూరా తిరిగాడట. ఈఎన్ 301 192లోనే ఇందుకు ఐఎన్‌టీ అనే పట్టిక ఉంది, ఈ సమస్య మొత్తాన్ని 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4947 చర్చించింది. పట్టిక తప్పనిసరిగా ప్రసారం కావాలని, రిసీవరు దాన్ని చూసుకొని తానే సర్దుకోవాలని ఒక్క వాక్యం రాయండి. దాంతోపాటు, ప్రభుత్వ శాఖలు పంపే ఫైళ్లకు డిజిటల్ సంతకం ఉండాలని కూడా రాయండి. ఆకాశం నుంచి దిగే ఫైలును వేల టీవీలు కళ్లు మూసుకొని లోపలికి తీసుకునే ఏర్పాటులో, పంపింది ఎవరో తేల్చుకునే వీలు లేకపోతే జరగగల నష్టం చిన్నది కాదు.

నేరుగా మొబైళ్లకు ప్రసారం చేసే డీ2ఎం ప్రయోగాలు ఏటీఎస్‌సీ 3.0 అనే ప్రసార ప్రమాణం ఆధారంగా సాగుతున్నాయి, రేపు అదే అంతటా వస్తే ఇదంతా దండుగ కదా అన్న సందేహం మీ మండలిలో రావచ్చు. ఏటీఎస్‌సీ 3.0కు దాని సొంత లింక్ లేయర్ ఉంది, నిజమే. కానీ దానిపైన ప్రవహించేది కూడా ఐపీయే. సంతకం, చిరునామాల వంటి పై అంతస్తుల నియమాలను తరంగంతో సంబంధం లేకుండా ఒకేలా రాసి, కింది అంతస్తును మాత్రం ఏ తరంగానికి తగినది దానికి పేర్కొంటే, కర్నూలులో ఒక ఉపాధ్యాయుడు తయారు చేసిన పాఠం డిష్ మీదుగా వచ్చినా ఫోన్‌లోకి వచ్చినా ఒకే పాఠంగా వస్తుంది. ఇది టెలికాం శాఖవారి టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ చూడవలసిన పని అని కూడా అనవచ్చు. వారితోనూ ప్రసార భారతితోనూ కలిసి కూర్చోవలసిందే, కానీ అంగట్లో అమ్మే టీవీ మీద ముద్ర వేసేది మీరు గనుక మొదటి అడుగు మీదే కావాలి.

ముసాయిదాను అభిప్రాయాల కోసం విడుదల చేసినప్పుడు దానితోపాటు కొన్ని పరీక్షా స్ట్రీములను కూడా ఉంచమని నా చివరి కోరిక. ప్యాకింగ్ ఉన్నదొకటి, సీఆర్‌సీ చెడినదొకటి, ఐపీవీ6 ఒకటి, పిడ్ మధ్యలో మారినదొకటి ఉంటే, ఏ చిన్న తయారీదారైనా తన పెట్టె ప్రమాణానికి నిలుస్తుందో లేదో తన బల్ల మీదే చూసుకోగలడు. ప్రమాణ పత్రం ఎంత జాగ్రత్తగా రాసినా, ఇద్దరు ఇంజినీర్లు దాన్ని రెండు రకాలుగా చదవడం నేను చూశాను. స్ట్రీము ఫైలును అలా రెండు రకాలుగా చదవడం కుదరదు. అటువంటి ఫైళ్లను తయారు చేసి ఇవ్వడానికి మా ప్రయోగశాల సిద్ధంగా ఉంది, మా విద్యార్థుల ప్రోగ్రామును కూడా మీ పరిశీలనకు ఇస్తాము.

ఆ బడి మిద్దె మీది డిష్‌కు కొత్త ఎల్‌ఎన్‌బీ మూత బిగించి వచ్చాను. ఆ రోజు పది నిమిషాల పాటు పట్టుకున్న స్ట్రీము నా దగ్గర భద్రంగా ఉంది. మీ మండలి సభ్యులు అడిగితే పంపుతాను, ఫైళ్ల పేర్లు అందులో చదవవచ్చు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
అనంతపురం